ముందుది

హైమవతి ఏళ్ళ తరబడి కష్టపడి కనిపెట్టినదానికి పరిశోధనా కేంద్రం వారు పెట్టిన పేరు 'ఆదర్శ దేహ ప్రతిబింబ వ్యవస్థ'. ఆ పేరు ఖాయం కావడానికి బోలెడు సమావేశాలు, వాటికి సరిపడా టిఫిన్లు ఖర్చయ్యాయి. పాత రేవు మునిసిపల్ హైస్కూల్లో ఏడో తరగతి చదివే లోవరాజు మాత్రం దాన్ని చూసిన క్షణంలోనే 'ముందుది' అనేశాడు. ఆ తర్వాత కాకినాడలో ఎవరూ మొదటి పేరు పలికిన పాపాన పోలేదు.

ఆ పొద్దున స్కూలు మైదానం నిండా పిల్లలు, గోడ మీద పిల్లలు, గోడ అవతల ఇడ్లీ బండి దగ్గర పనులు మానుకుని నిలబడ్డ పెద్దలు. మైదానానికి నాలుగు మూలలా నాలుగు పొడవాటి స్తంభాలు, వాటి తలల మీద గుమ్మడికాయంత దీపాలు. హైమవతి తన కూతురు సంహితని మధ్యకి పిలిచి, కాలికి మువ్వలాంటి చిన్న బిళ్ళ ఉన్న పట్టీ కట్టింది.

"చక్కిలిగింతలు పెడుతోందమ్మా," అంది సంహిత.

"అది నీ గుండె వింటోంది, ఊపిరి వింటోంది. కండలో సత్తువెంతో, ఎముక ఎంత ఎదిగిందో, సరిగ్గా నిద్రపోతున్నావో లేదో కనుక్కుంటోంది. కదలకు."

"దుప్పట్లో ఫోను చూశానని కూడా చెప్పేస్తుందా?"

పిల్లలంతా గొల్లుమన్నారు. ఇంతలో స్తంభాల మీద దీపాలు వెలిగాయి. సంహితకి సరిగ్గా ఒక అడుగు ముందు, పట్టపగటి ఎండలో, ఏదో వెలుతురు ముద్దలా కదిలి చూస్తూండగానే మనిషి ఆకారం పట్టింది. అదే ఎత్తు, అవే రెండు జడలు, ఎడమ జడకి ఊడిపోతున్న రిబ్బనుతో సహా. కాకపోతే ఆ వెలుగు సంహిత కాస్త నిటారుగా నిలబడింది. కాలి పిక్క కాస్త గట్టిగా ఉంది. మొహంలో నిద్రమత్తు లేదు.

"వేళకి తిని, వేళకి పడుకుని, రోజూ ఒళ్ళు దాచుకోకుండా ఆడితే నువ్వు ఎలా ఉండగలవో, అదీ ఇది," అంది హైమవతి గర్వంగా.

సంహిత అడుగు వేసింది. అదీ వేసింది. సంహిత పరుగందుకుంది. అదీ అందుకుంది, సరిగ్గా ఒక అడుగు ముందు. పంతం పట్టి ఇంకా జోరుగా ఉరికితే అదీ జోరు పెంచింది. మైదానం చుట్టివచ్చి సంహిత మోకాళ్ళ మీద చేతులు ఆనించి వగరుస్తుంటే, వెలుగు సంహిత అడుగు దూరంలో హాయిగా నిలబడి ఉంది.

"ఒరేయ్, దాని ముందుది దాన్ని గెలిచేసిందిరోయ్!" అని అరిచాడు లోవరాజు. అంతే, నాకు కట్టండి అంటే నాకు కట్టండి అని పిల్లలు హైమవతి మీద పడ్డారు. సాయంత్రానికి బడి మొత్తం కాళ్ళకి పట్టీలు, బడి మొత్తానికి ముందువి.

నిజానికి సంహిత అంతకుముందు ఆ బడి పిల్ల కాదు. మొదటిసారి ఈ ఏర్పాటు గురించి చెప్పడానికి హైమవతి వచ్చినప్పుడు, వ్యాయామ ఉపాధ్యాయుడు గంగరాజు మాస్టారు అంతా శ్రద్ధగా విని, విజిల్ తాడు వేలికి చుట్టుకుంటూ, "అంతా బానే ఉందండీ మేడమ్ గారూ. మరి మీ అమ్మాయిని కూడా ఇక్కడే చేరుస్తారాండీ?" అన్నాడు. అతను వేళాకోళానికి అన్నాడో, నిజంగానే అడిగాడో తెలీదు. హైమవతికి మాత్రం అది గుచ్చుకుంది. మర్నాడే వెళ్ళి కూతుర్ని చేర్పించింది. ఆమె భర్త శ్రీపతి ముక్కు మీద వేలేసుకున్నాడు గానీ వద్దనలేదు. హైమవతి ఒకసారి అనుకున్నాక వద్దనడం ఆ ఇంటి ఆచారం కాదు.

అంత పట్టుదల ఎందుకంటే, దాని వెనక ఒక చిన్న కథ ఉంది. హైమవతి తండ్రి రైల్వే గార్డు. సామర్లకోట రైల్వే క్వార్టర్స్‌లో పెరిగింది. ఆరోజుల్లో ఆమెకి ఉబ్బసం. నాలుగడుగులు పరిగెత్తితే పిల్లికూతలు వచ్చేవి. క్వార్టర్స్ పిల్లలు ఆమెని ఆటలోంచి తరిమేయలేదు, అలాగని లెక్కలోకీ తీసుకోలేదు. 'హైమ ఆటలో అరటిపండు' అన్నారు. అంటే ఆమెని ముట్టుకున్నా అవుటు కాదు, ఆమె ముట్టుకున్నా ఎవరూ అవుటు కారు. ఆట చుట్టూ తిరగొచ్చు, అరవొచ్చు, అంతే. ఒక్కసారంటే ఒక్కసారి కూడా ఆమెని దొంగని చెయ్యలేదు. డాక్టరేట్ వచ్చినా, పేపర్లలో ఫోటో పడినా, ఆ అవమానం మాత్రం ఆమె కడుపులో అలాగే ఉండిపోయింది. ప్రతి పిల్లకీ తన ఒంట్లో ఎంత సత్తువ ఉందో కళ్ళకి కట్టినట్టు చూపించాలి, ఏ పిల్లా అరటిపండుగా మిగిలిపోకూడదు. ముందుది పుట్టింది అక్కడినుంచే.

మొదటి రోజుల్లో ఆమె గాల్లో తేలిపోయింది. తేలదూ మరి? పరుగు ఎగ్గొట్టడానికి చెప్పుల తాడు తెంపుకునే పిల్లలు బెల్లు కొట్టకముందే మైదానంలో ఉంటున్నారు. నూర్జహాన్ అనే పిల్ల తన ముందుది పొడవుగా కనిపిస్తోందని పాలు తాగడం మొదలుపెట్టింది. పరిశోధనా కేంద్రంలో తెర మీద గీతలన్నీ పైకే. డైరెక్టర్ పురుషోత్తం గారు ఆ తెర ముందునుంచి కదలడం మానేశారు.

"హైమవతీ, నెలాఖరుకి విద్యాశాఖ కమిషనర్ లలితాంబ గారు కమిటీతో వస్తున్నారు. ఆవిడ ఊఁ అంటే చాలు, వచ్చే జూన్ నుంచి రాష్ట్రంలో ప్రతి బడికీ స్తంభాలే!" అన్నారు చేతులు రుద్దుకుంటూ.

ఇంట్లోనూ ఉత్సవమే. సంహిత తెల్లారకుండా లేచి మేడ మీద గుంజీలు తీసేది. శ్రీపతి ఓ ఆదివారం సరదాకి ఆ పట్టీ తన కాలికి కట్టుకుని, భార్య వెంట ప్రయోగశాలకి వెళ్ళి దీపాల మధ్య నిలబడ్డాడు. పొట్టలేని శ్రీపతి ఒకడు ఎదురుగా వెలిగాడు. అతన్ని ఎగాదిగా చూసి, "పాపం, జీవితంలో కాజా తినలేదేమో," అని జాలిపడి, పట్టీ విప్పి భార్య చేతిలో పెట్టేశాడు. హైమవతి ఆ రోజంతా నవ్వుతూనే ఉంది.

ఆ నవ్వు మీద మొదటి నీలినీడ ఎప్పుడు పడిందంటే, ఒక మధ్యాహ్నం పట్టీలు సరిచూడ్డానికి ఆమె బడికి వెళ్ళినప్పుడు. ఆటల పీరియడ్ నడుస్తోంది. గేటు తీసుకుని లోపలికి అడుగుపెట్టి, పిల్లలు బయటికి రాలేదేమో అనుకుంది. మైదానం అంత నిశ్శబ్దంగా ఉంది. తలెత్తి చూస్తే పిల్లలంతా అక్కడే ఉన్నారు, అందరూ పరిగెడుతూనే ఉన్నారు. ఎవరి కళ్ళు వాళ్ళ ముందుదాని వీపు మీద. ఒకరి పేరు ఒకరు పిలవడం లేదు. ఎవరూ ఎవర్నీ తోసుకోవడం లేదు, తిట్టుకోవడం లేదు, కిందపడి ఏడవడం లేదు. పాదాల చప్పుడు తప్ప ఇంకేం లేదు.

"చూశారాండీ ఎంత క్రమశిక్షణో!" అన్నాడు గంగరాజు మాస్టారు. "ఆయ్, నా గొంతుకి కూడా బోల్డంత విశ్రాంతండీ. విజిల్ ఊది వారమయ్యిందండీ."

హైమవతి కూడా అవునంటూ తలూపింది. తలూపింది గానీ, ఇంటికి వెళ్ళే దారిలో ఉప్పుటేరు వంతెన మీద ఆటో ఆగినప్పుడు ఆ నిశ్శబ్దమే చెవిలో జోరీగలా తిరిగింది.

ఆ తర్వాత కడుపునొప్పులు మొదలయ్యాయి. సరిగ్గా ఆటల పీరియడ్ ముందు నూర్జహాన్‌కి కడుపునొప్పి. లోవరాజుకి కాలు బెణికింది, మర్నాడు రెండో కాలు బెణికింది, ఆ పై రోజు ఏ కాలో మర్చిపోయి చెయ్యి చూపించాడు. తెర మీద గీతలు ఒకటొకటే వాలడం మొదలుపెట్టాయి. పట్టీల్ని అడిగితే గుండె బాగుందంటాయి, ఊపిరితిత్తులు బాగున్నాయంటాయి. అన్నీ బాగున్న పిల్లలు గోడ నీడన కూర్చుని గోళ్ళు కొరుక్కుంటున్నారు. వాళ్ళలో సంహిత కూడా ఉంది.

హైమవతి పప్పులో కాలేసింది సరిగ్గా ఇక్కడే. లోపం దూరంలో ఉందనుకుంది. "అడుగు దూరం మరీ ఎక్కువైంది సార్. అందదని పిల్లలు నీరసపడుతున్నారు. అర అడుగు చేద్దాం, అందేలా కనిపిస్తుంది," అని డైరెక్టర్ని ఒప్పించి, దీపాలు సర్ది, ముందువాటిని అర అడుగు వెనక్కి జరిపింది. మర్నాడు మైదానంలోకి వచ్చినవాళ్ళు సగానికి సగం తగ్గారు. అడుగు దూరంలో ఉన్నప్పుడు కనీసం వీపు కనిపించేదిట. ఇప్పుడు చెయ్యి చాస్తే తగిలేటట్టుంటుంది, తగలదు. "ఊరించి చంపుతోందండీ," అన్నాడు లోవరాజు.

కమిటీ రావడానికి ఇంకా ఒక్క రోజుందనగా, శ్రీపతి తల్లినీ కూతుర్నీ బలవంతాన సముద్రం ఒడ్డుకి లాక్కెళ్ళాడు. ఇద్దరి మొహాలూ మాడిపోయి ఉన్నాయని, ఆ మొహాలు చూస్తూ అన్నం తినలేనని అతని ఫిర్యాదు. ఇసకలో కూర్చోబెట్టి మొక్కజొన్న పొత్తులు తేవడానికి వెళ్ళాడు. సంహిత కాలి పట్టీని ఇసకలో పాతిపెట్టి, మళ్ళీ తవ్వి, మళ్ళీ పాతిపెడుతోంది.

"నీకు కడుపునొప్పి లేదు కదూ?" అంది హైమవతి.

"లేదు."

"మరి ఆటకి ఎందుకు వెళ్ళడం లేదమ్మా?"

సంహిత పట్టీ మీద ఇంకో గుప్పెడు ఇసక పోసింది. తర్వాత, "అది ఎప్పుడైనా ఓడిపోతుందా?" అంది.

"అది ఓడిపోవడమేంటి? అది నువ్వే కదా."

"అది నేనైతే, మరి నేనెవర్ని?"

ఇన్నేళ్ళలో పెద్ద పెద్ద సభల్లో ఎన్నో ప్రశ్నలకి తడుముకోకుండా జవాబు చెప్పిన మనిషి, కూతురు వేసిన ప్రశ్నకి నీళ్ళు నమిలింది.

"అందరూ దాన్నే చూస్తారమ్మా," అంది సంహిత. "నువ్వు కూడా. నేను పరిగెత్తి వస్తే, నువ్వు ముందు దానివైపే చూస్తావు. నూర్జహాన్ నాతో మాట్లాడి ఎన్నాళ్ళయిందో. దానికి దాని ముందుదే సరిపోతుంది. నాకు అక్కడ బోరు కొడుతోంది. ఏడుపొస్తోంది."

హైమవతి కూతుర్ని దగ్గరికి లాక్కుంది. పిల్లని అరటిపండు కాకుండా కాపాడబోయి, పిల్ల చేతిలోంచి ఆటనే లాగేసుకున్నానని ఆమెకి అప్పుడు అర్థమైంది. ప్రయోగశాలలో ఎప్పుడూ ఒక్కొక్క పిల్లనే పిలిచి పరీక్షించారు. ఒక పిల్ల, ఒక ముందుది, ఒక తెర. ఇద్దరు పిల్లల్ని ఒకే చోట వదిలి చూద్దామన్న ఆలోచన, అంతమంది చదువుకున్నవాళ్ళలో ఒక్కరికీ రాలేదు.

ఏం చెప్పాలో తోచక, ఎవరికీ చెప్పని సామర్లకోట సంగతి చెప్పింది. ఉబ్బసం, క్వార్టర్స్ పిల్లలు, ఆటలో అరటిపండు. సంహిత కళ్ళు తుడుచుకుని ఆసక్తిగా వింది. మధ్యలో కిసుక్కున నవ్వింది కూడా.

"అంటే నిన్ను ముట్టుకున్నా నువ్వు అవుటయ్యేదానివి కాదా?"

"కాదు."

"గెలిచేదానివీ కాదా?"

"నేను లెక్కలోనే లేను కదమ్మా. ఊరికే పక్కన పరిగెత్తడమే."

"కోపం వచ్చేది కాదా?"

"ఎందుకు రాదు? చచ్చేంత కోపం వచ్చేది."

"మరి ఆటకి వెళ్ళడం మానేశావా?"

హైమవతి ఆలోచించింది. ఆశ్చర్యం, ఇన్నేళ్ళలో ఆ ప్రశ్న తనని తాను ఎప్పుడూ వేసుకోలేదు. "లేదు," అంది నెమ్మదిగా. "రోజూ మా ఇంటి ముందుకొచ్చి పిలిచేవాళ్ళు. హైమా, రావే, ఆట మొదలెట్టేస్తున్నాం అని. నేను వెళ్ళేదాకా మొదలెట్టేవాళ్ళు కాదు."

సంహిత పట్టీని ఇసకలోంచి తీసి, దులిపి, దాన్నే చూస్తూ కూర్చుంది. శ్రీపతి పొత్తులు తెచ్చాడు. తల్లీకూతుళ్ళు చివరి గింజ దాకా తిన్నారు.

మర్నాడు పొద్దున్నే హైమవతి డైరెక్టర్ గారికి తన మనసులో మాట చెప్పేసింది. ఆయన రెండు చేతులూ జోడించారు.

"ఇవాళ మాత్రం నోరు విప్పకమ్మా, నీకు పుణ్యముంటుంది," అన్నారు. "కమిటీ వెళ్ళాక ఎన్ని మార్పులైనా చేసుకుందాం."

"ఈ లోపల ప్రతి బడిలో స్తంభాలు పాతేస్తారు సార్. ప్రతి బడీ మూగబోతుంది."

"పదేళ్ళ కష్టం హైమవతీ!"

"నా పదేళ్ళే కదండీ," అంది ఆమె. ముందుది ఆగిపోతే తనకి ఇక ప్రయోగశాల ఉండదని, ఉన్నా అందులో ఎవరి లెక్కలో తను ఉండదని ఆమెకి తెలుసు. మళ్ళీ అరటిపండే. అయినా ఆ క్షణంలో ఆమెకి కనిపించింది, ఇసకలో పట్టీని పాతిపెడుతున్న కూతురి చెయ్యి ఒక్కటే.

కమిషనర్ లలితాంబ గారు పొట్టి మనిషి, గట్టి మనిషి. కారు దిగి, ఎండకి చేతిరుమాలు నెత్తి మీద వేసుకుని, గేటు వైపు నడిచారు. వెనకాల కమిటీ. గేటు తోసేలోపలే హైమవతి అడ్డంగా వెళ్ళి నిలబడింది.

"మేడమ్, లోపలికి వెళ్ళే ముందు ఒక్క మాట. ఇది కనిపెట్టింది నేనే. దయచేసి దీన్ని ఇలాగే ఏ బడికీ పంపకండి."

వెనక డైరెక్టర్ గారు దగ్గారు. మళ్ళీ దగ్గారు. హైమవతి ఆగలేదు. గీతలు మొదట ఎందుకు లేచాయో, తర్వాత ఎందుకు పడ్డాయో, కడుపునొప్పులు, అర అడుగు, తన కూతురు అడిగిన ప్రశ్న, ఏదీ దాచకుండా చెప్పింది. "పిల్లలు పక్కనున్న పిల్లల్ని చూడ్డం మానేశారు. ఆట పోయి పరుగు మిగిలింది. ఇప్పుడు ఆ పరుగూ పోతోంది. మీరు లోపలికి వెళ్తే మీకే తెలుస్తుంది, ఒక్క పిల్ల గొంతు కూడా వినబడదు."

ఆమె ఆ మాట అని ముగించిందో లేదో, గోడ అవతల ఒక్కసారిగా గుక్కతిప్పుకోని కేకలు లేచాయి. కాకులు చెట్ల మీంచి లేచిపోయాయి.

లలితాంబ గారు చెవి మీది రుమాలు కాస్త పైకెత్తి, "వినబడుతున్నాయే!" అన్నారు.

హైమవతి గబగబా గేటు తోసింది. లోపలినుంచి గంగరాజు మాస్టారు చెమటలు కక్కుతూ పరిగెత్తుకొచ్చాడు. "క్షమించాలండీ మేడమ్ గారూ. కమిటీ వారొస్తున్నారు, వరసలో నిలబడండ్రా అంటే ఆయ్ అన్నారండీ. తీరా చూస్తే ఇదండీ. విజిలు ఊదుతున్నానండీ, ఈ గోలలో నాకే వినబడ్డం లేదండీ!"

మైదానంలో నాలుగు స్తంభాలాట జరుగుతోంది. మరి నాలుగు మూలలా నాలుగు స్తంభాలు తెచ్చి పాతితే పిల్లలు ఇంకేం ఆడతారు? నలుగురు నాలుగు స్తంభాలు పట్టుకుని నిలబడ్డారు. మధ్యలో దొంగ లోవరాజు. స్తంభాలు మారేటప్పుడు ఖాళీ అయినదాన్ని దొంగ పట్టుకోవాలి. చుట్టూ మిగిలిన బడంతా ఐదుగురేసి జట్లు కట్టి, తమ వంతు ఎప్పుడొస్తుందా అని అరుస్తోంది. కడుపునొప్పులన్నీ అక్కడే ఉన్నాయి. ముందువీ ఉన్నాయి. పిల్ల వెనక్కి తిరగ్గానే ముందుది ఏ వైపుకి ముందో తెలీక ఓ గంతు వేస్తోంది. పిల్ల పొంచి కూర్చుంటే అదీ అర అడుగు ముందు పొంచి కూర్చుంటోంది. నూర్జహాన్ స్తంభం వదిలి అవతలి స్తంభానికి ఉరికింది. సంహిత ఎదురు ఉరికింది. వాళ్ళకంటే అర అడుగు ముందు వాళ్ళ ముందువి రెండూ స్తంభాలు ముట్టుకున్నాయి. కానీ వాటిని ఎవరూ చూడలేదు. లోవరాజు నూర్జహాన్ చేతికి వెంట్రుకవాసి ముందు స్తంభాన్ని కావలించుకున్నాడు.

"దొంగ నూర్జహాన్! దొంగ నూర్జహాన్!"

"కాదు! నా ముందుది ముందు ముట్టుకుంది!" అంది నూర్జహాన్ నడుం మీద చేతులు పెట్టుకుని.

"ముందువి లెక్కలోకి రావని పొద్దున్నే అనుకున్నాం కదే!" అంటూ సంహిత అవతలి స్తంభం దగ్గర్నుంచి అరిచింది. "అవి ఆటలో అరటిపళ్ళు!"

"ఆటలో అరటిపళ్ళు!" అంది బడి మొత్తం.

హైమవతి నిలబడ్డచోటే నిలబడిపోయింది. తన పదేళ్ళ చదువు, దీపాలు, స్తంభాలు, ప్రతిబింబాలు, అన్నిటినీ ఈ పిల్లలు ఒక్క మాటతో పక్కన నిలబెట్టేశారు. తరిమెయ్యలేదు, పట్టీలు విప్పి పారెయ్యలేదు. రండి, మీరూ పక్కన పరిగెత్తండి, కానీ మీ గెలుపు మాకు గెలుపు కాదన్నారు. ఇన్నేళ్ళూ అవమానమనుకున్న ఆ మాటలో ఎంత చోటుందో, ఆ చోటు తనకోసం ఎవరో రోజూ అట్టేపెట్టి ఇంటి ముందుకొచ్చి పిలిచారని, సముద్రం ఒడ్డున కూతురు అడిగిన ప్రశ్నతో మొదలై ఇప్పటికి పూర్తిగా తెలిసొచ్చింది. ఆమెకి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. రెండూ ఆపుకోలేదు.

కమిటీలో ఒకాయన చేతిలోని ఎలక్ట్రానిక్ పలక మీద అంకెలు చూసి కళ్ళజోడు సర్దుకున్నాడు. "చిత్రంగా ఉందండీ. ముందుదాని వెనక పరుగు లెక్కలో చూస్తే అందరూ ఘోరంగా ఉన్నారు. ఒక్కడూ తిన్నగా పరిగెత్తడం లేదు. గుండె, ఊపిరి చూస్తే మాత్రం మొదటి రోజు నుంచీ ఇంత బాగా ఎప్పుడూ లేవు."

లలితాంబ గారు చాలాసేపు ఆట చూశారు. మధ్యలో ఒకసారి "అటు పో, అటు పో, ఖాళీగా ఉంది!" అని అరిచి, కమిటీ తనవైపే చూస్తోందని గమనించి గొంతు సవరించుకున్నారు. తర్వాత హైమవతి వైపు తిరిగారు.

"మీరు గేటు దగ్గర చెప్పింది నిజమే. ఇది ఇలాగే పంపను. పట్టీలు పని చేస్తున్నాయి, పిల్లల ఆరోగ్యం తెలుస్తోంది, అవి ఉంచండి. ఆ అడుగు ముందు వ్యవహారం మాత్రం తీసేయండి. ఒక ఏడాది ఇస్తాను. ఈసారి పిల్లల్ని ఒంటరిగా పరీక్షించకండి. గుంపుగా వదిలి, మీరు పక్కన నిలబడి చూడండి."

"మేమూ సరిగ్గా అదే అనుకుంటున్నామండీ," అన్నారు డైరెక్టర్ పురుషోత్తం గారు తడుముకోకుండా. హైమవతి ఆయన వైపు చూసింది. ఆయన ఆకాశం వైపు చూశారు.

కమిటీ టీ తాగడానికి హెడ్మాస్టర్ గదివైపు కదిలింది. హైమవతి మైదానం అంచునే ఉండిపోయింది. ఎండ చురుక్కుమంటోంది. మనసు మాత్రం ఎన్నాళ్ళగానో లేనంత తేలిగ్గా ఉంది. అప్పుడు సంహిత చూసింది తల్లిని. ముందుదాని వైపు చూసిన చూపు కాదని, తనవైపే చూస్తోందని ఆ పిల్లకి తెలిసింది కాబోలు, మొహమంతా వెలిగింది.

"అమ్మా! రావే! మా జట్టులో సుజాతని వాళ్ళమ్మ తీసుకెళ్ళిపోయింది, ఒకరు తక్కువయ్యారు! నువ్వొచ్చేదాకా మొదలెట్టం!"

హైమవతికి ఎక్కడో సామర్లకోటలో, గుమ్మం ముందు, అదే కేక వినబడినట్టయింది.

"నేనా? నాకు ఆయాసమే తల్లీ!"

"ఫర్వాలేదు, రా!"

ఆమె చెప్పులు విప్పి గోడవార పెట్టింది. చీర కొంగు నడుముకి దోపింది. పిల్లల మధ్యకి నడుస్తూ, నవ్వుతూనే, "సరే, వస్తున్నా. నన్ను అరటిపండుగా చేర్చుకోండి, చాలు," అంది.

"అదేం కుదరదు," అంది సంహిత. "పంటలేయాలి."

ఐదుగురూ గుండ్రంగా నిలబడి చేతులు కలిపి ఊపి పంటలేశారు. మొదట లోవరాజు పండాడు. తర్వాత సంహిత. తర్వాత ఎవరో పేరు తెలియని బుల్లి పిల్ల. ఆఖరికి నూర్జహాన్ కూడా పండి గంతులేసింది. మధ్యలో హైమవతి ఒక్కతే మిగిలింది.

ఒక్క క్షణం అందరూ ఆమె మొహంలోకి చూశారు. ఆ తర్వాత సంహిత తల్లి మోచేతి మీద ఒక్క చరుపు చరిచి, స్తంభంవైపు పరిగెడుతూ, ఊరంతా వినబడేటట్టు అరిచింది.

"దొంగ మా అమ్మ!"

బెల్లు కొట్టేదాకా హైమవతే దొంగ.